ఈ లెక్క ఎవరి చర్మం మీద వేశారు?

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి రోడ్ నంబర్ 36 మీదుగా మాదాపూర్ వైపు వస్తుంటే రెండు రకాల బోర్డులు ఎక్కువగా కనిపిస్తాయి. మొదటివి కొత్త సినిమాలవి. రెండోవి చర్మ సౌందర్యానివి. ఈ రెండో రకంలో ఒక మాట దాదాపు తప్పకుండా ఉంటుంది: లేజర్. అవాంఛిత రోమాలకి లేజర్, పచ్చబొట్టు తీయడానికి లేజర్, మచ్చలకి లేజర్, మెరిసే చర్మానికి లేజర్.

మన కాలేజీలో లేజర్ అంటే వేరే సంగతి. ఒక స్టీలు పలక గీస్తాం, మెష్ వేస్తాం, పైన గాసియన్ హీట్ సోర్స్ నడిపిస్తాం. మధ్యలో ఎరుపు, అంచుల్లో నీలం ఉన్న బొమ్మ వస్తుంది. రిపోర్టులో అతికిస్తాం, వైవా అయిపోతుంది. పేపర్లో లేజర్ గురించి చదివితే అది 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర డీఆర్‌డీఓ డ్రోన్‌ని కూల్చిన లేజర్ అయి ఉంటుంది. కానీ మనకి తెలిసినవాళ్ళలో ఎవరైనా లేజర్ కింద కూర్చుని వచ్చారంటే అది వెల్డింగ్ కోసమూ కాదు, డ్రోన్ కోసమూ కాదు. అక్క పెళ్ళికి ముందో, ఫ్రెండ్ పచ్చబొట్టు తీయించుకోవడానికో.

అందుకే నా వాదన ఇది. లేజర్ పదార్థాన్ని ఎలా వేడెక్కిస్తుందో, ఎలా మారుస్తుందో కంప్యూటర్ మీద లెక్క కట్టడం మనం నేర్చుకున్న విద్య. ఆ విద్యని స్టీలు పలక దగ్గరే ఆపేయకూడదు. మన రంగు చర్మానికి ఆ లెక్క వెయ్యాలి, నలుగురికీ కనపడేలా పెట్టాలి. ఇది మనకి చేతనైన పని.

ముందు అసలు విషయం చూద్దాం. వెలుగు దానంతట అది కాల్చదు. దాన్ని పీల్చుకునేది ఏదో ఒకటి ఉండాలి. మే నెలలో కాలేజీ పార్కింగ్‌లో నల్ల సీటు బండి, లేత రంగు సీటు బండి పక్కపక్కన పెడితే మధ్యాహ్నం ఏ సీటు మీద కూర్చోలేమో మనందరికీ తెలుసు. చర్మంలో ఆ నల్ల సీటు పని చేసేది మెలనిన్. వెంట్రుక కుదురులో మెలనిన్ ఉంటుంది. సరైన రంగు వెలుగుని పంపిస్తే కుదురు దాన్ని పీల్చుకుని వేడెక్కి పాడవుతుంది, చుట్టూ ఉన్న చర్మం బాగానే ఉంటుంది. రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే ఇద్దరు 1983లో సైన్స్ పత్రికలో ఈ సూత్రాన్ని వివరంగా రాశారు. సెలెక్టివ్ ఫోటోథర్మాలసిస్ అని పేరు పెట్టారు. మన మాటల్లో చెప్పాలంటే, ఎంచుకుని కాల్చడం.

ఎంచుకోవడానికి రెండు తాళంచెవులు ఉన్నాయి. ఒకటి తరంగదైర్ఘ్యం. రెండోది పల్స్ ఎంతసేపు ఉండాలన్నది. పళ్ళెంలో పరిచిన అన్నం చల్లారినంత త్వరగా గిన్నెలో ఉన్న అన్నం చల్లారదు. చర్మం పైపొర మందం మిల్లీమీటరులో పదో వంతు, ఒక్కోచోట ఇంకా తక్కువ. కాబట్టి అది పది మిల్లీసెకన్ల లోపే చాలావరకు చల్లారుతుంది. వెంట్రుక కుదురు దానికన్నా లావు, చల్లారడానికి కొన్ని పదుల మిల్లీసెకన్లు పడుతుంది. ఈ రెండు సమయాల మధ్య పల్స్‌ని ఇరికించగలిగితే పైపొర ఎప్పటికప్పుడు వేడి వదిలేసుకుంటుంది, కుదురు మాత్రం వేడిని పోగేసుకుంటుంది.

మన ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. మెలనిన్ కుదురులోనే ఉండదు, పైపొరలోనూ ఉంటుంది. కుదురు దాకా వెళ్ళాల్సిన వెలుగు ఆ పైపొర దాటే వెళ్ళాలి. తెల్లటి చర్మంలో ఆ దారి దాదాపు ఖాళీ. మన చర్మంలో మొదట్లోనే టోల్‌గేటు ఉంది.

టోల్ ఎంతో చూద్దాం. చర్మంలో వెలుగు ప్రయాణం మీద చాలాకాలం పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త స్టీవెన్ జాక్స్ ఇచ్చిన అంకెల్ని ఈ రంగంలో అందరూ వాడతారు. వాటి ప్రకారం పైపొర పరిమాణంలో మెలనిన్ రేణువుల వాటా తెల్లటి చర్మంలో సుమారు 1 నుంచి 6 శాతం, చామనఛాయ చర్మంలో 11 నుంచి 16 శాతం, బాగా నల్లటి చర్మంలో 18 నుంచి 43 శాతం. రోమాలు తీయడానికి వాడే అలెగ్జాండ్రైట్ లేజర్ తరంగదైర్ఘ్యం 755 నానోమీటర్లు. ఆ వెలుగుకి మెలనిన్ రేణువు శోషణ గుణకం సెంటీమీటరుకి దాదాపు 170.

ఇప్పుడు కాలిక్యులేటర్ తీయండి. తెల్లటి చర్మానికి 3 శాతం, మనకి 14 శాతం అనుకుందాం. పైపొర సగటు శోషణ మొదటిదాంట్లో సెంటీమీటరుకి 5, రెండోదాంట్లో 24 అవుతుంది. ఇద్దరి మీదా చదరపు సెంటీమీటరుకి 10 జౌళ్ళ చొప్పున వెలుగు వేద్దాం. పదికి శోషణని గుణించి, చర్మం ఉష్ణధారణతో భాగిస్తే ఉష్ణోగ్రత పెరుగుదల వస్తుంది. ఉష్ణధారణ ఘనపు సెంటీమీటరుకి డిగ్రీకి సుమారు 3.8 జౌళ్ళు. మొదటి మనిషికి పెరుగుదల 13 డిగ్రీలు, రెండో మనిషికి 63 డిగ్రీలు. ఇద్దరి చర్మమూ 33 డిగ్రీల దగ్గర మొదలైతే ఒకరు 46 దగ్గర ఆగుతారు, ఇంకొకరు 96 దగ్గర. నీళ్ళు మరగడానికి నాలుగు డిగ్రీలు తక్కువ!

యంత్రం అదే, మీట అదే, 10 జౌళ్ళూ అవే.

ఇప్పుడు లేజర్ మార్చి చూద్దాం. ఎన్‌డీ యాగ్ లేజర్ 1064 నానోమీటర్ల దగ్గర పనిచేస్తుంది. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ మెలనిన్ పీల్చుకునేది తగ్గుతుంది. ఇక్కడ గుణకం 55కి దగ్గరగా ఉంటుంది, అంటే ముందటిదాంట్లో మూడో వంతు. అదే 14 శాతం చర్మానికి పెరుగుదల 20 డిగ్రీలే.

ఇది మోటు లెక్క. వెలుగు లోపల చెదరడం, వెనక్కి తిరిగి రావడం, పల్స్ నడుస్తుండగానే వేడి పక్కకి పాకడం, క్లినిక్కుల్లో చల్లగాలి ఊదడం, చల్లటి గాజు ఆనించడం, ఇవేవీ ఇందులో లేవు. అవన్నీ కలిపితే అంకెలు మారతాయి. కానీ ఇద్దరి మధ్య ఉన్న నాలుగైదు రెట్ల తేడా అంత తేలిగ్గా మాయమవదు.

వేడి చర్మాన్ని ఎప్పుడు పాడుచేస్తుందన్నదానికీ లెక్క ఉంది. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు పరిశోధకులు చర్మం కాలడం మీద ప్రయోగాలు ప్రచురించారు. 44 డిగ్రీల దగ్గర చర్మం కాలడానికి ఆరు గంటలు పడుతుంది, 70 దగ్గర సెకను కూడా పట్టదు. ఎంత వేడి అన్నదానితో పాటు ఎంతసేపు అన్నదీ చూడాలి. అమ్మ పొయ్యి మీది గిన్నెని చటుక్కున దించితే చెయ్యి కాలదు, పట్టుకుని నిలబడితే కాలుతుంది. దీన్ని అర్హీనియస్ సమీకరణంతో రాస్తారు. కెమికల్ బ్రాంచి వాళ్ళు రోజూ చూసే సమీకరణమే. లేజర్ పల్స్ కొన్ని మిల్లీసెకన్లే కాబట్టి 53 డిగ్రీలు తాకి దిగిపోతే ఏమీ కాదు. 96 తాకితే ఆ కొన్ని మిల్లీసెకన్లే ఎక్కువ కావచ్చు.

మన చర్మానికి ఇంకో గుణం ఉంది. కాలినా కమిలినా ఆ చోట మెలనిన్ ఎక్కువగా తయారై నల్లమచ్చ పడుతుంది, నెలల తరబడి పోదు. మచ్చ పోగొట్టుకుందామని వెళ్ళి కొత్త మచ్చ తెచ్చుకోవడమంటే ఇదే.

మంచి చర్మ వైద్యులకి ఇవన్నీ తెలుసు. మన రంగుకి 1064 ఎంచుకుంటారు, పల్స్ పొడుగు పెంచుతారు, శక్తి తగ్గించి మొదలుపెడతారు, చర్మాన్ని చల్లబరుస్తారు, చెవి వెనకో చేతి లోపలి వైపో చిన్న చోట ముందు పరీక్షించి చూస్తారు. వాళ్ళ మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఆ జ్ఞానం ఎక్కువగా వాళ్ళ అనుభవంలో ఉంది. హ్యాండ్‌పీస్ పట్టుకున్న ప్రతి చేతికీ అంత అనుభవం ఉండాలని లేదు. పైగా ఒకే మనిషి చర్మం ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. ఔట్‌డోర్ షూటింగుల్లో ఎండలో రిఫ్లెక్టర్ పట్టుకుని నిలబడే లైట్‌బాయ్‌ని తీసుకోండి. డిసెంబరులో అతని చేతికి సరిపోయిన సెట్టింగు మేలో సరిపోకపోవచ్చు. రంగు మారితే ఇన్‌పుట్ మారుతుంది. ఇన్‌పుట్ మార్చి ఫలితం చూసుకునే సౌకర్యం సిమ్యులేషన్‌ది, ఏ మనిషి చర్మమూ కాల్చకుండా.

ఆ సిమ్యులేషన్‌లో మూడు ముక్కలు ఉంటాయి. మొదటిది వెలుగు ఎక్కడికి వెళ్ళిందో లెక్కపెట్టడం. చర్మంలోకి దూరిన ఫోటాన్ జాతరలో తప్పిపోయిన పిల్లాడిలా అటూ ఇటూ గుద్దుకుంటూ తిరుగుతుంది. అలాంటి లక్షల ఫోటాన్ల నడకని పాచికలు వేసినట్టు లెక్కకట్టేది మాంటే కార్లో పద్ధతి. లిహాంగ్ వాంగ్, జాక్స్ కలిసి 1992లో విడుదల చేసిన ఎంసీఎంఎల్ అనే ప్రోగ్రామ్ ఈ పనే చేస్తుంది. సీ భాషలో ఉంది, ఉచితం. సెకండియర్ పాసైనవాళ్ళు చదివి అర్థం చేసుకోగలిగిన కోడ్. రెండోది వేడి ఎలా పాకిందో లెక్కపెట్టడం. హ్యారీ పెన్నెస్ 1948లో మనుషుల ముంజేతుల్లో ఉష్ణోగ్రతలు కొలిచి, రక్తప్రవాహాన్ని కూడా కలిపి రాసిన సమీకరణాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. మిల్లీసెకన్ల పల్స్‌లో రక్తం పాత్ర దాదాపు ఉండదు కాబట్టి, మనకి హీట్ ట్రాన్స్‌ఫర్ క్లాసులో చెప్పిన సమీకరణమే చాలు. మూడోది పైన చెప్పిన అర్హీనియస్ నష్టం లెక్క.

ఈ మూడు సమీకరణాలకీ రంగు లేదు. రంగంతా ఇన్‌పుట్ ఫైలులో ఉంది. అందుకే అడగాల్సిన ప్రశ్న: ఆ ఫైలులో ఎవరి చర్మం ఉంది?

ఇది అనవసరపు అనుమానం అనుకునేవాళ్ళు చరిత్ర చూడాలి. చర్మాల్ని ఆరు రకాలుగా విడగొట్టే ఫిట్జ్‌పాట్రిక్ కొలబద్ద 1975లో పుట్టినప్పుడు అందులో ఉన్నవి తెల్ల చర్మాలే. గోధుమ రంగు, నలుపు తర్వాత చేర్చారు. మనవాళ్ళలో చాలామంది నాలుగు, ఐదు గడుల్లోకి వస్తారు. ఒక రాష్ట్రం మొత్తం రెండు గడుల్లో సర్దేశారన్నమాట. కోవిడ్ సమయంలో వేలికి పెట్టుకున్న ఆక్సీమీటర్ కూడా చర్మంలోంచి వెలుగు పంపి లెక్క చెప్పే పరికరమే. రక్తంలో ఆక్సిజన్ తగ్గినా ఆ పరికరం పసిగట్టకపోవడం తెల్లవాళ్ళకన్నా నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జరిగిందని 2020 డిసెంబరులో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చింది. ఎవరూ కావాలని చేసింది కాదు. సరిచూసుకున్నప్పుడు ఎదురుగా ఉన్న చర్మం ఒక రంగుది, అంతే.

సినిమావాళ్ళకి ఈ కథ కొత్తేమీ కాదు. ఫోటో ప్రింట్లలో రంగు సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి కొడాక్ ల్యాబులకి పంపిన షర్లీ కార్డుల మీద దశాబ్దాల పాటు ఉన్నది తెల్లమ్మాయి బొమ్మే. అలా తయారైన ఫిల్ముతో మన ముఖాల్ని అందంగా చూపించడానికి కెమెరామెన్ లైట్లతో, మేకప్‌తో సొంత ఉపాయాలు పట్టారు. అదే పరిశ్రమ తెల్లగా ఉంటేనే అందమన్న నమ్మకాన్నీ ఇంటింటికీ చేర్చింది. ఆ నమ్మకం మీద కోపం రావడం న్యాయమే. కానీ లేజర్ దగ్గరికి వెళ్ళేవాళ్ళంతా తెల్లబడాలని వెళ్ళరు. హార్మోన్ల తేడాతో గడ్డం మీద రోమాలు వచ్చి కాలేజీకి రావడానికే ఇబ్బంది పడే అమ్మాయిలు ఉన్నారు. పుట్టుమచ్చలతో, కాలిన మచ్చలతో బాధపడేవాళ్ళున్నారు. వాళ్ళకి నీతులు చెప్పడం కన్నా సరైన అంకె చెప్పడం మేలు.

అన్ని లేజర్లకీ ఈ రంగు గొడవ లేదు. రోడ్ 36 నుంచి కాస్త అవతలికి వెళ్తే బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. సినిమా మనిషి పేరు మీద, ఆయన కుటుంబం ఇచ్చిన స్థలంలో వెలిసింది. కళ్ళద్దాలు వదిలించే చికిత్సలో కార్నియాని చెక్కడానికి వాడే ఎక్సైమర్ లేజర్ 193 నానోమీటర్లది. ఆ వెలుగుని పీల్చుకునేది కార్నియాలో ఉన్న ప్రొటీన్ బంధాలు. కార్నియాకి రంగు లేదు. స్వీడన్‌లో వేసిన లెక్క సిద్దిపేటలోనూ చెల్లుతుంది. చర్మం విషయంలో ఆ వెసులుబాటు లేదు. పరాయిచోట కట్టిన లెక్కని తెచ్చుకున్నప్పుడు అది ఏ పదార్థానికి కట్టిందో చూసుకునే బాధ్యత మనదే.

సిమ్యులేషన్ అనే మాట ఫిలింనగర్‌లో కూడా వాడతారు. 2012లో వచ్చిన ఈగలో మకుట వీఎఫ్ఎక్స్ బృందం ఒక గ్రాఫిక్స్ ఈగని హీరో చేసి మనల్ని ఏడిపించింది, నవ్వించింది. గ్రాఫిక్స్‌లో మంట, పొగ, నీళ్ళు తయారుచేసే సాఫ్ట్‌వేర్ల వెనకా మన ఫ్లూయిడ్ మెకానిక్స్ సమీకరణాలే ఉంటాయి. కానీ అక్కడ డైరెక్టర్ ఓకే అనేదాకా అంకెలు తిప్పుతారు. ప్రేక్షకుడు నమ్మితే పని పూర్తయినట్టే, ఆ పనికి అదే న్యాయం. మనం కూడా శోషణ గుణకాన్ని అటూ ఇటూ జరిపి, ఎర్రటి బొమ్మ ఎవరో వేసిన పేపర్లోని బొమ్మకి దగ్గరగా రాగానే ఆపేస్తే, మనం చేసింది వీఎఫ్ఎక్స్. అదీ తక్కువ రకం వీఎఫ్ఎక్స్!

లోహాల దగ్గర ఈ మోసం ఎక్కువకాలం నడవదు. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐలో లేజర్‌తో లోహాల ఉపరితలాన్ని గట్టిపరచడం, పూత పూయడం మీద ఏళ్ళుగా పనిచేస్తున్నారు. ఇలాంటి పనిలో ముక్కని అడ్డంగా కోసి, పాలిష్ పట్టి, ఆసిడ్‌తో తుడిచి మైక్రోస్కోప్ కింద పెడితే వేడి ఎంత లోతు దిగిందో కనిపిస్తుంది. లెక్క తప్పితే ముక్కే చెప్పేస్తుంది. క్లినిక్‌కి వచ్చిన మనిషిని అలా కోసి చూడలేం. కాబట్టి చర్మం లెక్కలో ఇన్‌పుట్ విషయంలో ఇంకా నిక్కచ్చిగా ఉండాలి.

"ఇది డాక్టర్ల పని, లేదా యంత్రం తయారుచేసే కంపెనీల పని, మనకెందుకు?" అని అడగొచ్చు. చికిత్స డాక్టర్ల పనే, అందులో మనం వేలు పెట్టకూడదు. కంపెనీలు లెక్కలు వేసుకునే ఉంటాయి. కానీ యంత్రంతో వచ్చే పుస్తకంలో సెట్టింగు ఉంటుంది కానీ, ఆ సెట్టింగు వెనక ఉన్న లెక్కని రోగి చదివేలా ఎవరూ అచ్చు వెయ్యరు. ఆ ఖాళీని నింపడానికి లైసెన్సు అక్కర్లేదు, లక్షల పరికరాలు అక్కర్లేదు.

నా ప్రతిపాదన చిన్నది. వచ్చే ఏడాది మేజర్ ప్రాజెక్టుల్లో ఒక్క బృందమైనా ఇది తీసుకోవాలి. ఎంసీఎంఎల్‌లో పైపొర మెలనిన్‌ని 3, 14, 25 శాతాలుగా పెట్టి, 755, 810, 1064 నానోమీటర్లకి విడివిడిగా నడపండి. ఆ వేడిని మన సొంత హీట్ కోడ్‌లోకి ఎక్కించండి. చల్లబరచడంతోనూ, లేకుండానూ చూడండి. ఏ అంకె ఎక్కడ నుంచి తెచ్చారో పక్కనే రాయండి. తర్వాత జెలటిన్‌లో ఇండియా ఇంకు, పాలు తగుపాళ్ళలో కలిపి చర్మం లాంటి ముద్దలు పోసి, లోపల థర్మోకపుల్ పెట్టి, లేజర్ ల్యాబ్‌లో గైడ్ సమక్షంలో, కళ్ళకి రక్షణ పెట్టుకుని కొలవండి. కొలిచిందీ లెక్కకట్టిందీ కలవకపోతే కలవలేదనే రాయండి. మనుషుల మీద, మీ సొంత చేతి మీద కూడా, ప్రయోగం చెయ్యొద్దు.

ఆఖరి పని ఈ క్లబ్‌ది. ఆ ఫలితాన్ని రెండు పేజీల్లో తెలుగులో రాద్దాం, సమీకరణాలు లేకుండా. అది చదివినవాళ్ళు క్లినిక్‌లో కుర్చీ ఎక్కే ముందు మూడు ప్రశ్నలు అడగగలగాలి. ఇది ఎన్ని నానోమీటర్ల లేజర్? నా రంగుకి, ఈ మధ్య నేను ఎండలో తిరిగినదానికి సెట్టింగు మార్చారా? ముందు చిన్న చోట పరీక్షించి చూస్తారా? జవాబు చెప్పే డాక్టరు ఉన్నచోట ధైర్యంగా కూర్చోవచ్చు. చెప్పకపోతే లేచి వచ్చేయొచ్చు.

స్టీలు పలక ప్రాజెక్టులు మానెయ్యమనడం లేదు. పదో బృందం కూడా అదే పలక గీసే ముందు, ఇన్‌పుట్ ఫైలులో మెలనిన్ అన్న గడి దగ్గర 14 అని ఒక్కసారి కొట్టి చూడమంటున్నాను.